ఖిలా వరంగల్‌లో ఒక పూట నడక: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం చూపించాలి, ఏం చెప్పకూడదు

తొలిబాట

అందరికీ నమస్కారం. డిసెంబరులో ఒక ఆదివారం 24 మందిని ఓరుగల్లు కోట చూపించడానికి తీసుకెళ్తున్నాం. అందరూ సికింద్రాబాద్ నుంచి రైల్లో వస్తారు. పదో తరగతి పిల్లలున్నారు, డెబ్బై దాటిన పెద్దవాళ్లూ ఉన్నారు. ఆటోలో నేరుగా తోరణాల దగ్గర దిగి, ఫొటోలు తీసుకుని, ఖుష్ మహల్‌లోకి తొంగిచూసి గంటలో తిరిగొచ్చే పద్ధతి మాకు వద్దు. కోట లోపల ఇప్పటికీ ఒక ఊరు బతుకుతోంది. గోడలు, గుడి, బడి, బజారు అన్నీ కలిపి అర్థమయ్యేలా చూపించాలి.

ఏ దర్వాజ నుంచి మొదలుపెట్టాలి? అదే రోజు వేయి స్తంభాల గుడి కూడా పెట్టుకోవచ్చా? గైడుగా మాట్లాడటానికి అనుమతి ఏమైనా కావాలా? పెద్దవాళ్లతో ఎక్కడ ఇబ్బంది వస్తుంది?

గడికోట

పడమటి దర్వాజ బయట మొదలుపెట్టండి. తోరణాలు నడక మధ్యలో రావాలి. ముందే అక్కడికి వెళ్తే మైదానంలో నాలుగు రాతి ద్వారాలు కనిపిస్తాయి తప్ప, అవి ఒక నగరానికి నట్టనడుమ ఉన్నాయన్న సంగతి మనసుకెక్కదు.

ఓరుగల్లు ఒకదాని చుట్టూ ఒకటి గీసిన గుండ్రటి గోడల నగరం. అన్నిటికన్నా బయటి మట్టికట్ట హనుమకొండను కూడా కలుపుకుని సుమారు 12.5 కిలోమీటర్ల వ్యాసంతో ఉండేది. దాని లోపల సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట, దాని చుట్టూ కందకం. ఇంకా లోపల 1.2 కిలోమీటర్ల వ్యాసంతో రాతికోట, దానికి మరో కందకం. రాజధానిని హనుమకొండ నుంచి ఇటు మార్చే పని కాకతీయ రాజు రుద్రదేవుడి కాలంలో మొదలైంది. రాతికోట గణపతిదేవుడిది. రుద్రమదేవి దాని ఎత్తు పెంచి, మట్టికోటను, కందకాన్ని పటిష్ఠం చేయించింది. ఏడు కోటలుండేవని జనం చెప్పుకుంటారు. నేల మీద స్పష్టంగా గుర్తుపట్టగలిగేవి మాత్రం ఈ మూడే.

రాతికోట వ్యాసం 1.2 కిలోమీటర్లు కాబట్టి పడమటి దర్వాజ నుంచి తోరణాల దాకా సుమారు 600 మీటర్లు, అక్కడి నుంచి తూర్పు దర్వాజకు మరో 600. ఊరికే నడిస్తే ఇరవై నిమిషాల దారి. ఆగి చూపిస్తూ వెళ్తే మూడున్నర గంటలు పడుతుంది. కోట చుట్టూ తిరగాలని మాత్రం అనుకోకండి. చుట్టుకొలత నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువే అయినా చాలాచోట్ల ముళ్లకంపలు అడ్డొస్తాయి. గుంపుతో అయ్యే పని కాదు.

దర్వాజ దగ్గర కనీసం అరగంట పెట్టుకోండి. కోటలోకి తిన్నగా వెళ్లే దారి ఉండదు. ఒక ద్వారం దాటగానే ఎదురుగా గోడ, పక్కకు మలుపు, నాలుగు వైపులా ఎత్తు గోడలున్న వాకిలి, మళ్లీ మలుపు. ఏనుగును పరుగెత్తించి తలుపు బద్దలు కొట్టాలంటే దానికి వేగం అందుకునేంత దూరం కావాలి. ఈ మలుపులు ఆ దూరం దొరకనివ్వవు. వాకిట్లో ఇరుక్కున్న సైన్యం మీదికి మూడు వైపుల నుంచి బాణాలు వస్తాయి. ఈ సంగతి ఆ వాకిలి మధ్యలో నిలబెట్టి చెబితేనే తలకెక్కుతుంది.

సమస్యల్లా అదే దారిలో ఇప్పుడు బైకులు, ఆటోలు, కార్లు తిరగడం. మలుపు చాటున ఉన్న మనిషి బండి నడిపేవాడికి కనిపించడు. ఒక మనిషిని లోపలి మలుపులో, ఇంకొకరిని బయటి మలుపులో కాపలా పెట్టి, మిగతా వాళ్లను గోడకు ఆనుకుని నిలబెట్టండి. 24 మంది ఒక్కసారిగా వద్దు, పన్నెండేసి మందిని రెండు జట్లుగా పంపండి.

శిలాక్షరం

గడికోట గారు చెప్పిన వరసే సరైనది. గోడ దగ్గర ఇంకో రెండు విషయాలు చూపించండి.

రాతిగోడ పెద్ద పెద్ద గ్రానైటు దిమ్మెలతో, సున్నం లేకుండా పేర్చింది. రాళ్ల అంచున వరసగా చిన్న గుంటలు కనిపిస్తే, బండను చీల్చడానికి ఉలితో కొట్టి మేకులు దిగ్గొట్టిన చోట్లు అవి. పిల్లల చేత వెతికించండి. ఒకసారి కన్ను అలవాటు పడితే వాళ్లే పదిచోట్ల చూపిస్తారు. తర్వాత గోడ లోపలి వైపుకు తీసుకెళ్లండి. గోడకు ఆనించి మట్టికట్ట, దాని మీద పొడవునా రాతి మెట్లు ఉంటాయి. కాపలా సైనికుడు ఎక్కడున్నా బురుజు దాకా పరుగెత్తక్కర్లేదు, ఉన్నచోటి నుంచే గోడ మీదికి ఎక్కగలడు. 45 బురుజులున్న గోడను పరిమితమైన సైన్యంతో కాపాడుకోవాలంటే ఈ ఏర్పాటు తప్పదు.

మట్టికోటను చాలామంది గైడులు అసలు ప్రస్తావించరు. అది పెద్ద లోటు. ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ 1310లో ఓరుగల్లును ముట్టడించినప్పుడు ఢిల్లీ సైన్యాన్ని ముందు ఎదుర్కొన్నది ఆ మట్టిగోడే. దాని గట్టిదనాన్ని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో ప్రత్యేకంగా వర్ణించాడు. ముట్టడి యంత్రం విసిరిన రాయి తగిలితే రాతిగోడ పగులుతుంది, దట్టించిన మట్టి ఆ దెబ్బను మింగేస్తుంది. స్టేషను వైపు నుంచి వచ్చేటప్పుడు దారిలో ఎడమా కుడీ పచ్చటి గట్టులా కనిపించేది ఆ కోటేనని బండిలోనే చెప్పండి. లేకపోతే చెరువుకట్ట అనుకుంటారు.

పడమరకోట_పిల్లగాడు

అన్నా, మంచి పని పెట్టుకున్నరు. కానీ కోటల ఉండేటోళ్ల దిక్కుకెల్లి గూడ ఒక మాట ఇనుర్రి.

పడమర కోట, మధ్య కోట, తూర్పు కోట అని మా వాడలు. గోడకు దగ్గర్ల ఇండ్లున్నయ్. పొద్దుగాల ఏడింటికి ఆడోళ్లు వాకిలి ఊడ్సి సాన్పి జల్లుతుంటరు, నల్లా నీళ్లు పడుతుంటరు. గప్పుడు మైకు పట్టుకొని వాకిట్ల నిలవడితే ఎవ్వరికీ నచ్చది. ఇంటి ముంగట ఫొటో తీయాల్నంటే అడుగుర్రి, వద్దనరు. అడగకుండ తీస్తెనే లొల్లి.

రెండోది, మావోళ్లు కోట రాళ్లు పాడుజేస్తున్నరని శానమంది గైడులు చెప్తరు. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త కట్టుబడి నిషేధం. ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాక అనుమతి ఉంటెనే కట్టాలె. 100 మీటర్ల లోపల పాత ఇల్లు కురుస్తుందని రిపేరు జేసుకోవాల్నన్నా దరఖాస్తు పెట్టాలె. అన్నదమ్ములు పంచుకున్న ఇంటి మీద ఒక అంతస్తు ఎక్కువ ఏసుకోరాదు. కోటను చూసి పోయేటోళ్లకు గీ సంగతి తెల్వాలె. మీ నడకల గిది గూడ చెప్పుర్రి.

నీళ్లు, చాయ్, పండ్లు లోపలి దుకాణాలల్లనే కొనుర్రి. సీసాలు ఆడ పారెయ్యకుర్రి.

తొలిబాట

@పడమరకోట_పిల్లగాడు ఈ నిషేధిత ప్రాంతం సంగతి మా పత్రంలో లేనే లేదు, తప్పకుండా చేరుస్తాం. మైకు బదులు ఏం వాడితే బాగుంటుంది? 24 మందికి గొంతు చాలదు.

పటం_చేతిలో

నడుముకు కట్టుకునే చిన్న స్పీకర్లు తోరణాల మైదానంలో పనికొస్తాయి. దర్వాజ వాకిట్లో మాత్రం రాతిగోడలకు తగిలి మాట చెదిరిపోతుంది. అక్కడ స్పీకరు ఆపేసి, చిన్న జట్టుకు మామూలు గొంతుతో చెప్పడమే మంచిది.

అనుమతుల గురించి. ఖిలా వరంగల్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1959 నాటి నియమాల ప్రకారం రక్షిత కట్టడంలో డబ్బు తీసుకుని సందర్శకులకు చుట్టి చూపించాలంటే పురావస్తు అధికారి ఇచ్చిన లైసెన్సు ఉండాలి. మీరు మనిషికింత అని వసూలు చేస్తున్నారంటే అది ప్రయాణ ఖర్చా, గైడు రుసుమా అన్న ప్రశ్న వస్తుంది. లైసెన్సున్న స్థానిక గైడును తీసుకుని, ఆయనతో ముందే కూర్చుని మీ వరస మాట్లాడుకోండి. సభలా జరపాలన్నా, నాట్యం పెట్టించాలన్నా ముందస్తు అనుమతి వేరే తీసుకోవాలి. డ్రోను ఎగరేయొద్దు. స్టాండు మీద కెమెరా పెట్టాలంటే ముందే అడగండి. 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ ఉండదు. పదో తరగతి పిల్లల్లో కొందరు ఆ వయసు దాటి ఉంటారు, వయసు రుజువు తెచ్చుకోమనండి.

శిలాక్షరం

ఇక తోరణాలు. ఇక్కడ గంట కేటాయించండి, ఎక్కువేం కాదు.

నాలుగు దిక్కులా నాలుగు. ఎత్తు సుమారు 10 మీటర్లు. ఉత్తర, దక్షిణ తోరణాల మధ్య దూరం సుమారు 480 అడుగులు, తూర్పు పడమరల మధ్య 433 అడుగులు. ఈ నాలుగింటి నడుమ ఉన్నది స్వయంభూ శివాలయం. ఇప్పుడు మిగిలింది పునాదులు, నేల మీద పరిచిన శకలాలు. గుంపును ముందు గుడి మధ్యకు తీసుకెళ్లి, అక్కడి నుంచి నాలుగు తోరణాలనూ ఒక్కొక్కటిగా చూపించండి. తర్వాతే దగ్గరికి వెళ్లండి. తోరణం గుడి ఆవరణకు ప్రవేశమని, విడిగా నిలబెట్టిన విజయస్తంభం లాంటిది కాదని అప్పుడు అర్థమవుతుంది.

దగ్గరికి వెళ్లాక కింది నుంచి పైకి చదవండి. రెండు పక్కలా జంట స్తంభాలు, వాటి నుంచి లోపలికి వంగిన ఆధారాలు, పైన అడ్డదూలం, దాని మీద హంసలు. తామర మొగ్గలు, వేలాడే దండలు, మకరాలు, సింహం లాంటి యాళులు కనిపిస్తాయి. దేవతామూర్తులు కనిపించరు. అందుకే కూల్చకుండా వదిలేశారని గైడులందరూ చెప్తారు. అది ఊహ. ఢిల్లీ సైన్యం 1323లో ఓరుగల్లును గెలిచి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టాక, ఈ ఆవరణలోనే మసీదు కట్టిందని, తోరణాలను దాని చుట్టూ ప్రవేశాలుగా కావాలనే నిలిపి ఉంచిందని కొందరు చరిత్రకారులు వాదించారు. రెండు అభిప్రాయాలూ చెప్పి, శకలాలు చూపించి, వాళ్లనే ఆలోచించుకోనివ్వండి.

తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో ఉన్న తోరణం ఇదేనని పిల్లలకు చెప్పాల్సిన పని లేదు, వాళ్లే చెప్తారు.

శకలాల మధ్య నడిచేటప్పుడు ఒక చిన్న టార్చి దగ్గర పెట్టుకోండి. నడినెత్తిన ఎండలో చెక్కడం చదునుగా కనిపిస్తుంది. టార్చిని రాతికి దాదాపు సమాంతరంగా పట్టుకుని పక్క నుంచి వెలుగు వేస్తే, అరిగిపోయిన గజ్జెలు, హంస ముక్కు, దండలోని పూసలు విడివిడిగా తేలతాయి. నల్లగా నిగనిగలాడే రాయి డోలరైటు, బూడిదరంగుది గ్రానైటు. మెత్తని పనితనమంతా నల్లరాతిలో ఉంటుంది, బరువు మోసే పని గ్రానైటుది. నల్లరాతిని చేత్తో రుద్ది చూడనివ్వకండి. చేతి జిడ్డు మరక పడుతుంది, వందలమంది అదే చోట రుద్దుతారు.

గడికోట

తోరణాల విషయంలో ఒప్పుకుంటాను. వెలుతురు కోసం మాత్రం గంటలు కాస్త సవరించుకోవాలి. ఏడున్నరకు పడమటి దర్వాజ, ఎనిమిదింబావుకు గోడ మెట్లు, తొమ్మిదికి తోరణాలు, పదిన్నరకు ఖుష్ మహల్, పదకొండుకు ఏకశిల గుట్ట. డిసెంబరు కాబట్టి ఇది సాధ్యం. మార్చి దాటితే అన్నీ గంట ముందుకు జరపాలి, ఏప్రిల్, మే నెలల్లో పెద్దవాళ్లను తీసుకురావడమే వద్దు. మైదానంలో నీడ చాలా తక్కువ.

నీడచెట్టు

ఖుష్ మహల్ గురించి గైడులు ఒకే మాట చెప్తారు: షితాబ్ ఖాన్ కట్టించాడని. షితాబ్ ఖాన్ అంటే సీతాపతి. బహమనీల నుంచి ఓరుగల్లును దక్కించుకున్నవాడు, ఆయన 1504 నాటి శాసనం ఉంది. కానీ కట్టడాన్ని చూడండి. కింద మందంగా, పైకి పోను పోను లోపలికి వాలిన గోడలు, లోపల వరసగా పెద్ద కమానులు. ఇది ఢిల్లీలో తుగ్లకుల కట్టడాల్లో కనిపించే పద్ధతి. అందుకే ఇది 1323 తర్వాత కొద్దికాలంలోనే కట్టిన దర్బారు అని, షితాబ్ ఖాన్ తర్వాత వాడుకున్నాడని చరిత్రకారుల్లో ఒక వర్గం అంటుంది. నాకు ఈ రెండో వాదనే బలంగా తోస్తుంది. గోడ వాలు చూపించడానికి దారానికి చిన్న రాయి కట్టి తీసుకెళ్లండి. గోడ పక్కన నిలువుగా వేలాడదీస్తే వాలు ఎంతో పిల్లలు కళ్లారా చూస్తారు.

లోపల నడుమ నీటి తొట్టి ఉంది, చుట్టూ శిల్పాలు పెట్టారు. బయటి ఎండలోంచి రాగానే లోపల చీకటిగా ఉంటుంది. గుమ్మం దాటాక ఒక నిమిషం అందరినీ ఆపండి, తొట్టి అంచు తగిలి పడే ప్రమాదం తప్పుతుంది. పైకి వెళ్లే మెట్లు ఇరుకు, నిటారు. ఎక్కనిచ్చిన రోజైనా మోకాళ్ల నొప్పులున్నవాళ్లను కిందే ఉంచండి.

ఏకశిల గుట్ట కూడా అంతే. బండ మీద ఉదయం మంచు పడితే జారుతుంది. రబ్బరు అడుగున్న బూట్లు ఉన్నవాళ్లే ఎక్కాలి. మిగతా వాళ్లు కింద చెట్ల నీడలో కూర్చుంటారు, అక్కడ వాళ్లకు ఏదైనా చదివి వినిపించే ఏర్పాటు చేయండి.

శిలాక్షరం

చదివి వినిపించడానికి క్రీడాభిరామం అనే పాత పద్యకావ్యం కన్నా తగినది లేదు. ఇద్దరు స్నేహితులు, గోవింద మంచన శర్మ, టిట్టిభ సెట్టి, ఒక్క రోజులో ఓరుగల్లు వీధులన్నీ తిరగడమే అందులో కథ. మీరు చేస్తున్నదీ అదే పని. కోడిపందెం, పొట్టేళ్ల పోరు, ఏకవీర గుడి, మైలారుదేవుడి వీరభటులు, పూటకూళ్లింట్లో రూకకు దొరికే భోజనం అన్నీ ఉన్నాయి. శిలల్లో రాజులే కనిపిస్తారు. బజారు, తిండి, ఆటలు ఈ పద్యాల్లోనే దొరుకుతాయి. కొన్ని చోట్ల శృంగారం ఘాటుగా ఉంటుంది, పిల్లలున్నారు కాబట్టి భోజనం పద్యం, కోడిపందెం పద్యాలు ఎంచుకోండి. ఒక్కో పద్యానికి తాత్పర్యం రెండు వాక్యాల్లో చెప్పండి.

నీడచెట్టు

చెప్పకూడనివి కూడా రాసుకోండి. కోహినూరు భద్రకాళి కంటిలో ఉండేదని సమకాలీన శాసనమేదీ చెప్పదు. గోలకొండకు సొరంగం కథ ప్రతి కోటకూ ఉంటుంది, వదిలేయండి. రుద్రమ గణపతిదేవుడి భార్య అని విదేశీ యాత్రికుడు మార్కోపోలో రాతల వల్ల పొరబడ్డవాళ్లున్నారు. ఆమె ఆయన కూతురు. ఆమె మరణాన్ని చెప్పేది చందుపట్ల శాసనం, 1289. చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి మరణం గురించి పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఢిల్లీకి బందీగా తీసుకెళ్తుండగా నర్మదా తీరాన మరణించాడని విలస తామ్రశాసనం చెబుతుంది. ఇది కథ కన్నా బలంగా ఉంటుంది.

తొలిబాట

చాలా సంతోషం. మధ్యాహ్నం సంగతి? వేయి స్తంభాల గుడి, కొత్తవాడ మగ్గాలు, భద్రకాళి చెరువు మూడూ అనుకున్నాం.

నూలుపోగు

మూడూ వద్దు. భోజనం తర్వాత కొత్తవాడ, సాయంత్రం వేయి స్తంభాల గుడి, అంతే. చెరువు రైలుకు టైము మిగిలితే.

కొత్తవాడలో జంపఖానాలు నేస్తారు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1851లో లండన్ మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు పెట్టారు, ఆ పేరు అంత పాతది. మగ్గం దగ్గర చూపించాల్సింది రంగు మారే చోటు. ఒక రంగు పోగు ఆగి ఇంకో రంగు మొదలయ్యే గీత దగ్గర రెండు పోగులను ఒకదాన్నొకటి పెనవేసి తిప్పుతారు. అలా చేయకపోతే ఆ గీత పొడవునా చీలిక మిగిలిపోయి, వాడకంలో అక్కడే చిరుగుతుంది. జంపఖానాను వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది.

మగ్గం ఉన్న గదిలో ఐదారుగురికి మించి పట్టరు. నాలుగు ఇళ్లతో ముందే మాట్లాడి, ఆరేసి మందిని పంపండి. నేతగాడి పని గంట ఆగుతుంది కాబట్టి ఇంటికింత అని డబ్బు ముందే అనుకుని ఇవ్వండి. కొంటారులే అని వదిలేయకండి. పోగులు ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పండి. ఒక్క పడుగు పోగు తెగినా మళ్లీ అతకడానికి సమయం పడుతుంది.

మధ్యాహ్నానికి సర్వపిండి చెప్పించుకోండి. బియ్యప్పిండిలో నానబెట్టిన శెనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లి, కారం కలిపి గిన్నె అడుగున ఒత్తి, వేలితో గుంటలు చేసి నూనె వేసి కాలుస్తారు. ఆ గుంటలు లేకపోతే మధ్యలో పచ్చిగా ఉంటుంది. గిన్నెకు ఒకటే అవుతుంది కాబట్టి 24 మందికంటే ఒక్క ఇంట్లో కాదు, ముందురోజే రెండు మూడు ఇళ్లకు చెప్పాలి.

శిలాక్షరం

వేయి స్తంభాల గుడి కోట నుంచి ఐదారు కిలోమీటర్లు, హనుమకొండలో. రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం. శివుడు, విష్ణువు, సూర్యుడు మూడు గర్భగుళ్లలో. ప్రవేశం దగ్గర ఉన్న శాసన స్తంభం ముందు ఆగండి. అచింతేంద్రుడు రచించిన సంస్కృత శాసనం అది, కాకతీయుల స్వాతంత్ర్య ప్రకటన దాదాపు ఇదే. కల్యాణ మండపాన్ని రాయి రాయి విప్పి మళ్లీ కట్టి, 2024 మార్చిలో తెరిచారు. కొత్తగా వేసిన రాళ్లు పాతవాటి పక్కన తేలికగా గుర్తుపట్టొచ్చు, అది చూపిస్తే పునరుద్ధరణ అంటే ఏమిటో తెలుస్తుంది. స్తంభాలు లెక్కపెట్టించే ఆట పెట్టకండి, టైము అంతా దానికే పోతుంది.

ఇది పూజలు జరిగే గుడి. చెప్పులు బయట విప్పాలి, మధ్యాహ్నం రాయి కాలుతుంది. నాలుగు దాటాక వెళ్లండి.

పడమరకోట_పిల్లగాడు

ఇంకోసారి పెట్టుకుంటె ఎంగిలిపూల బతుకమ్మ నాడు రార్రి, పెత్రమాస నాడు. ఎయ్యి స్తంభాల గుడి కాడ ఆడిబిడ్డలతోటి జాగ ఉండది. గా రోజు గైడు మాటలు వద్దు, ఊకె నిలవడి సూడుర్రి. మాఘంల మేడారం జాతర ఉన్న ఏడు మాత్రం గా దినాలల్ల రావొద్దు. రెండేండ్లకోసారి అయితది, బండ్లు కదలవు.

పటం_చేతిలో

చివరిగా రైలు టికెట్ల గురించి ఒక హెచ్చరిక. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ వైపు వెళ్లే రైళ్లు కాజీపేట నుంచి పక్కకు తిరిగిపోతాయి, వరంగల్ స్టేషనుకు రావు. విజయవాడ వైపు వెళ్లేవే వరంగల్ తాకుతాయి. రెండు స్టేషన్ల మధ్య పది కిలోమీటర్లు. కోట వరంగల్ స్టేషనుకు రెండు కిలోమీటర్ల దూరమే కాబట్టి అక్కడే దిగాలి. టికెట్ మీద కోడ్ డబ్ల్యూ ఎల్ అని ఉందో, కే జెడ్ జే అని ఉందో 24 టికెట్లకూ విడివిడిగా చూడండి. అందరూ ఒకే రైలుకు తీసుకోకపోతే సగం మంది కాజీపేటలో, సగం మంది వరంగల్‌లో దిగి, ఏడున్నరకు మొదలవ్వాల్సిన నడక తొమ్మిదింటికి మొదలవుతుంది. స్టేషను నుంచి ఆటోలు మాట్లాడుకుంటే పడమటి దర్వాజ బయటే దింపమనండి. వాళ్లకు అలవాటు కొద్దీ నేరుగా తోరణాల దగ్గరికి తీసుకెళ్లిపోతారు.

తొలిబాట

టికెట్లు ఇప్పుడే తెరిచి చూశాను. ఆరు కాజీపేటకు ఉన్నాయి. ఈ రోజే మార్పిస్తున్నాం.